నల్లగొండలో ముక్కు అలర్జీ టెస్ట్ చేయించుకున్నా: పనికొచ్చింది, కానీ ఎందుకు పనికొచ్చిందో చదవండి

ముందే చెప్పేస్తున్నా, స్కిన్ ప్రిక్ టెస్ట్, అంటే చర్మం మీద చుక్కలు వేసి గుచ్చి చూసే అలర్జీ టెస్ట్, నాకు చాలా పనికొచ్చింది. అయితే దాన్ని పనికొచ్చేలా చేసింది టెస్టుకు ముందు డాక్టర్ గారు కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలు. ఆ ప్రశ్నలు లేకుండా టెస్ట్ చేసి రిపోర్టు చేతిలో పెట్టే చోటికి పోతే డబ్బులు దండగే అని నా గట్టి అభిప్రాయం. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఏండ్ల తరబడి తుమ్ములతో బాధపడేవాళ్లు ఓపిక పట్టండి.

నాది మిర్యాలగూడ, రైస్ మిల్లులో గుమాస్తా పని. పొద్దున కండ్లు తెరవగానే ఆగకుండా తుమ్ములు, ముక్కు నీళ్లలా కారడం, కాసేపటికి అదే ముక్కు బిగుసుకుపోయి నోటితో గాలి పీల్చుకోవడం, కండ్లలో, అంగిట్లో దురద. జ్వరం ఉండదు, ఒళ్లు నొప్పులు ఉండవు, కాబట్టి మామూలు సర్ది కాదని తెలుస్తూనే ఉంటుంది. మిల్లులో పని అనగానే చుట్టాలు, పక్కింటివాళ్లు, మెడికల్ షాపు ఆయన, అందరిదీ ఒకటే మాట: నీకు వడ్ల దుమ్ము పడట్లేదు, పని మానెయ్. మా ఇంట్లో దీని మీద ఎన్ని రాత్రులు మాట్లాడుకున్నామో. పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి అన్నీ ఆ జీతం మీదే నడుస్తుంటే మానెయ్ అని చెప్పడం వాళ్లకు తేలిక. నాకు కావాల్సింది ఒక్కటే, నా ముక్కుకు నిజంగా పడనిది ఏంది? దుమ్మేనా, ఇంకేదైనానా? అది తేలకుండా పని మానేసి, ఆ తర్వాత కూడా తుమ్ములు ఆగకపోతే అప్పుడు ఎవరిని అడగాలి?

క్లినిక్ నల్లగొండలో హైదరాబాద్ రోడ్డు వైపు. పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇందులో మెచ్చుకునేవీ ఉన్నాయి, తిట్టాల్సినవీ ఉన్నాయి, పైగా మీరు మహబూబ్‌నగర్‌లోనో సూర్యాపేటలోనో చేయించుకున్నా చూసుకోవాల్సినవి ఇవే.

మొదట తిట్టాల్సింది. ఫోన్ చేసి అలర్జీ టెస్టుకు టైం అడిగితే రిసెప్షన్‌లో అమ్మాయి టోకెన్ నంబరు చెప్పి పెట్టేసింది. తీరా తిప్పర్తి మీదుగా బస్సులో పోయి, మధ్యాహ్నం దాకా కూర్చుని లోపలికి పోతే డాక్టర్ గారి మొదటి ప్రశ్న, "సిట్రజిన్ లాంటివి ఏమన్నా వేసుకుంటున్నారా?" వేసుకుంటున్నా, ముందు రోజు రాత్రి కూడా వేసుకున్నా, మానాలని నాకు ఎవరూ చెప్పలేదు. అయితే ఈరోజు టెస్ట్ కుదరదన్నారు. ఫోన్‌లో ఒక్క మాట చెప్తే అయిపోయేదానికి ఒక రోజు కూలి పోయినట్టే. దూరం ఊర్ల నుంచి, దేవరకొండ, హాలియా వైపు నుంచి వచ్చేవాళ్లు ఆ బెంచీల మీద ఎంతమంది కూర్చుని ఉన్నారో, వాళ్లలో కొందరికి ఇదే జరిగింది. ఫోన్ ఎత్తేవాళ్లకు ఈ నాలుగు ముక్కలు నేర్పించడం అంత కష్టమా?

ఎందుకు మానాలో డాక్టర్ గారు అర్థమయ్యేలా చెప్పారు. ఈ టెస్టులో చర్మం మీద దద్దు లేస్తుందా లేదా అనేదే చూస్తారు. ఆ దద్దును లేపేది హిస్టమిన్ అనే, ఒంట్లోనే తయారయ్యే రసాయనం. మనం వేసుకునే సిట్రజిన్, లివోసిట్రజిన్, ఫెక్సోఫెనడిన్ మాత్రలు పనిచేసేది సరిగ్గా హిస్టమిన్ మీదనే, అవి ఒంట్లో ఉంటే పడని వస్తువు పెట్టినా దద్దు లేవదు, అంతా బాగుందని తప్పుడు రిపోర్టు వస్తుంది. అందుకే వారం ముందు నుంచి ఆపాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, మెడికల్ షాపులో సర్దికి, దగ్గుకు ఇచ్చే కలిపిన మాత్రల్లో, సిరప్పుల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, అది కూడా ఇదే జాతి మందు, అదీ ఆపాలి. నిద్రకో నరాల నొప్పికో అమిట్రిప్టిలిన్ వాడేవాళ్లు తప్పకుండా చెప్పాలి, అది కూడా దద్దును అణిచేస్తుంది, కానీ మీ అంతట మీరు ఆపేయొద్దు, రాసిన డాక్టర్‌ను అడగాలి. బీపీకో గుండెకో అటినలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడేవాళ్లు కూడా ముందే చెప్పాలి, ఎందుకంటే టెస్టులో రియాక్షన్ వస్తే దాన్ని తగ్గించే ఇంజెక్షన్ వాళ్ల మీద సరిగా పనిచేయకపోవచ్చు. ముక్కులో కొట్టుకునే స్టెరాయిడ్ స్ప్రే మాత్రం ఆపక్కర్లేదు. మాత్ర లేకుండా ఆ వారం కష్టంగా గడిచింది, దాచేదేమీ లేదు. ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోమన్నారు, కాచి చల్లార్చిన నీళ్లే వాడాలని, బోరు నీళ్లు, నల్లా నీళ్లు నేరుగా ముక్కులోకి పోనివ్వొద్దని గట్టిగా చెప్పారు. దాంతో కొంచెం నయమనిపించింది.

ఇక ప్రశ్నలు. ఆ మొదటి రోజు టెస్ట్ కాకపోయినా డాక్టర్ గారు నన్ను ఊరికే పంపలేదు, దీనికి మాత్రం చేతులెత్తి మొక్కుతున్నా. తుమ్ములు ఎప్పుడు ఎక్కువ? పొద్దున మంచం మీద ఉండగానే. మిల్లుకు పోయాక పెరుగుతాయా? ముక్కు మండుతుంది, దగ్గొస్తుంది, కానీ ఆ వరుస తుమ్ములు, కండ్ల దురద అక్కడ తక్కువ. ఆదివారం మిల్లుకు పోనప్పుడు? అప్పుడూ అంతే, ఇంకా ఎక్కువసేపు పడుకుంటా కాబట్టి ఎక్కువే అనాలి. వడ్లు ఎక్కువగా వచ్చే రోజుల్లో, అంటే వానాకాలం పంట నవంబర్ అటూ ఇటూ, యాసంగి పంట ఏప్రిల్, మే నెలల్లో దిగుతుంది కదా, అప్పుడు పెరిగి మిగతా నెలల్లో తగ్గుతుందా? లేదు, ఏడాది పొడుగునా ఉంటుంది, వానలు పడ్డప్పుడు ఇంకొంచెం ఎక్కువ. పెండ్లిండ్లకు పోయి చుట్టాల ఇంట్లో పెట్టెలోంచి తీసిన బొంతలు, చద్దర్లు కప్పుకుని పడుకుంటే? అబ్బో, ఆ రాత్రి నిద్రే ఉండదు. పరుపు ఎన్నేండ్లది? మా పెండ్లప్పటి దూది పరుపు. ఎండాకాలం కూలర్ వాడతారా? మా ఇండ్లల్లో కూలర్ లేకుండా ఎట్లా? పడుకునే గదిలోనే ఉంటుంది.

ఇన్ని అడిగాక ఆయన కాగితం మీద ఏదో రాసుకుని, "మీకు మిల్లు కంటే మంచం మీదే నాకు అనుమానం, టెస్టులో చూద్దాం" అన్నారు. ఇన్నేండ్లలో ఈ కోణంలో ఎవరూ ఆలోచించలేదు. మందులు రాసిచ్చినవాళ్లు కూడా మిల్లు అని వినగానే తల ఊపి చీటీ రాసేవాళ్లు.

ముక్కు లోపల లైటు వేసి చూశారు, దూలం వంకర ఉందా, కండ పెరిగిందా అని. ఒకవైపు ముక్కే ఎప్పుడూ మూసుకుపోవడం, రక్తం రావడం, చెడు వాసన, ముఖంలో ఒకవైపు నొప్పి, ఇలాంటివి ఉంటే అలర్జీ అనుకుని కూర్చోకుండా ముందు ముక్కు చూపించుకోవాలట. పిల్లికూతలు వస్తాయా, ఆయాసం ఉందా అని కూడా అడిగారు, ముక్కు అలర్జీ ఉన్నవాళ్లలో ఆస్తమా కూడా ఉండే అవకాశం ఎక్కువ, ఆస్తమా అదుపులో లేనప్పుడు ఈ టెస్ట్ చేయరు.

టెస్ట్ గురించి భయపడేవాళ్ల కోసం వివరంగా రాస్తున్నా. ఇంజెక్షన్ కాదు, రక్తం తీయరు. మోచేయి నుంచి మణికట్టు దాకా లోపలి వైపు స్పిరిటుతో తుడిచి, పెన్నుతో నంబర్లు వేసి, ఒక్కో నంబరు పక్కన ఒక్కో చుక్క మందు వేస్తారు. ఒక్కో చుక్కలో ఒక్కో వస్తువు సారం: దుమ్ములో ఉండే కంటికి ఆనని పురుగులు డస్ట్ మైట్స్, బొద్దింక, పిల్లి, కుక్క, బూజు, వయ్యారిభామ పుప్పొడి, సర్కారు తుమ్మ పుప్పొడి, గరిక, ధాన్యం దుమ్ము, దూది దుమ్ము ఇలా. చుక్క మీద చిన్న మొన ఉన్న ప్లాస్టిక్ పుల్లతో తేలికగా గుచ్చుతారు, పైచర్మం దాటదు. చీమ కుట్టినంత కూడా ఉండదు. ఇందులో రెండు చుక్కలు వేరే: ఒకటి హిస్టమిన్, అక్కడ దద్దు లేచి తీరాలి, లేవకపోతే ఒంట్లో మాత్ర ప్రభావం ఇంకా ఉందని అర్థం. రెండోది ఉత్త ఉప్పునీళ్లు, అక్కడ లేవకూడదు. ఈ రెండూ వేయని చోట చేయించుకోకండి, మిగతా చుక్కలను దేనితో పోల్చి చూస్తారు మరి?

పదిహేను, ఇరవై నిమిషాలు కూర్చోవాలి. గోకకూడదు, అదే కష్టం. నా పక్కన ఒక అమ్మ తన కొడుకు చేయి రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది, పాపం వాడు ఊదుకుంటూనే ఉన్నాడు. తర్వాత డాక్టర్ గారే స్కేలు పెట్టి దద్దులు కొలిచారు. ఉప్పునీళ్ల దగ్గర ఉన్నదానికంటే 3 మిల్లీమీటర్లు, అంతకు మించి లేస్తే పాజిటివ్. రియాక్షన్ వస్తే వేయడానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ ట్రేలో సిద్ధంగా పెట్టుకున్నారు, అలాంటి రియాక్షన్ చాలా అరుదట, అయినా అది లేని చోట చేయించుకోవద్దు.

నా చేతి మీద డస్ట్ మైట్స్ రెండు రకాల దగ్గరా హిస్టమిన్‌ను మించి దద్దులు లేచాయి. బొద్దింక దగ్గర కొంచెం. వయ్యారిభామ దగ్గర చిన్నది. ధాన్యం దుమ్ము దగ్గర ఏమీ లేదు.

ఆ ఖాళీ చర్మం చూసి నాకు కండ్లలో నీళ్లు వచ్చాయి, ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు. ఇంటికి ఫోన్ చేసి పని మానక్కర్లేదట అని చెప్పా.

ఇక్కడే డాక్టర్ గారి మీద గౌరవం ఇంకా పెరిగింది. దద్దు లేచిందంటే ఒంట్లో ఆ వస్తువు మీద ఐజీఈ అనే యాంటీబాడీ తయారై ఉందని మాత్రమే అర్థమట, దాని వల్లనే మీకు బాధ కలుగుతుందని రుజువు కాదట. మన అనుభవంతో అది సరిపోవాలి. వయ్యారిభామ చుక్క కొంచెం లేచినా, పొలాల గట్ల మీద అది విరగబూసే రోజుల్లో నాకు ప్రత్యేకంగా పెరగట్లేదు కాబట్టి దాన్ని పట్టించుకోవద్దన్నారు. మైట్స్ అయితే పొద్దున మంచం మీద తుమ్ములకు, పెట్టెలోని బొంతలకు, వానాకాలానికి, అన్నిటికీ సరిపోయింది. అలాగే ధాన్యం దుమ్ము చుక్క లేవలేదని మిల్లు దుమ్ము మంచిదని కాదు, అది అలర్జీ లేనివాడి ముక్కును, ఊపిరితిత్తులను కూడా గీకుతుంది, తౌడు, ఊక దగ్గర తిరిగేటప్పుడు గట్టిగా పట్టే ఎన్95 మాస్క్ పెట్టుకోమన్నారు, రుమాలు సరిపోదన్నారు.

మా బావమరిది సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. జడ్చర్లలో ఉంటాడు, అతనికీ ముక్కు సమస్యే. ఇంటికొచ్చి రక్తం తీసుకుపోయే ఒక ల్యాబ్ వాళ్ల దగ్గర వందల వస్తువుల ప్యాకేజీ చేయించుకున్నాడు, నాకైన దానికి మూడు రెట్లకు పైనే కట్టాడు. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఫోన్‌కు పెద్ద రిపోర్టు వచ్చింది, అందులో పల్లీలు, వంకాయ, గుడ్డు, పాలు, గోధుమ అన్నిటికీ ఎర్ర గుర్తులు. పల్లీలు లేకుండా పాలమూరు ఇంట్లో చట్నీ ఎట్లా చేస్తారు? మా చెల్లె పాపం రోజూ అతనికి వేరే, పిల్లలకు వేరే వండుతూ అలసిపోయింది, అతను బరువు తగ్గాడు, ముక్కు మాత్రం అలాగే కారుతోంది. ఆ రిపోర్టు నేను డాక్టర్ గారికి ఫోన్‌లో చూపించా. తిండి పేజీల్లో కొలిచింది ఐజీఈ కాదు, ఐజీజీ అనే వేరే యాంటీబాడీ అట. అది మనం ఆ పదార్థం తింటున్నామని చెప్పే గుర్తే తప్ప అలర్జీకి గుర్తు కాదు, అలర్జీ డాక్టర్ల సంఘాలు ఆ టెస్టును వద్దనే చెప్తున్నాయి. పెద్దవాళ్లలో ఏడాది పొడుగునా ఉండే ముక్కు బాధకు తిండి కారణం కావడం అరుదట. పల్లీలు తిన్నప్పుడు అతనికి ఎప్పుడూ ఏమీ కాలేదు, మళ్లీ తినొచ్చా అనేది అతన్ని చూసి చెప్తానన్నారు. తినే తిండి మాన్పించి ఇల్లంతా ఇబ్బంది పెట్టే ఇలాంటి ప్యాకేజీలు అమ్మడం అన్యాయం, నాకు నిజంగా కోపంగా ఉంది.

రక్తపరీక్షలన్నీ దండగ అని మాత్రం అనట్లేదు. స్పెసిఫిక్ ఐజీఈ అనే రక్తపరీక్ష మంచిదే, మాత్రలు ఆపలేనివాళ్లకు, ఒళ్లంతా చర్మ సమస్య ఉన్నవాళ్లకు, గీకితేనే దద్దు లేచే చర్మం ఉన్నవాళ్లకు అదే చేయిస్తారు, దానికి మాత్ర ఆపక్కర్లేదు. కానీ అనుమానం ఉన్న నాలుగైదు వస్తువులకు చేయిస్తే చాలు. టోటల్ ఐజీఈ ఒక్కటే చేసి ఎక్కువుంది కాబట్టి అలర్జీ అనేవాళ్లను నమ్మకండి, కడుపులో నులిపురుగులు ఉన్నా అది పెరుగుతుంది.

మా మిల్లులో కాంటా దగ్గర పనిచేసే తమ్ముడు కూడా "అన్నా, నేనూ వస్తా" అని రెండోసారి నాతో వచ్చాడు. అతనికి డాక్టర్ గారు టెస్టే చేయలేదు. తుమ్ములు లేవు, దురద లేదు, ముక్కు ఎప్పుడూ దిబ్బడే. జేబులోంచి ముక్కు చుక్కల సీసా తీశాడు, జైలోమెటజోలిన్, నెలల తరబడి వేసుకుంటున్నాడు. ఆ చుక్కలు వారానికి మించి వేస్తే, వేసినప్పుడు తెరుచుకుని దిగాక ఇంకా గట్టిగా మూసుకుపోతుందట, మళ్లీ చుక్క, మళ్లీ దిబ్బడ. ముందు అది మానెయ్, బదులుగా ఈ స్ప్రే వాడు, అప్పటికీ తగ్గకపోతే టెస్ట్ సంగతి చూద్దాం అన్నారు. డబ్బులొచ్చే టెస్టును వద్దని చెప్పే డాక్టర్ దొరకడం మన అదృష్టం. తమ్ముడికి మొదటి వారం నరకం, ఇప్పుడు రాత్రి నోరు మూసుకుని పడుకుంటున్నాడు.

రిపోర్టు తర్వాత ఏం చేశామంటే, దూది పరుపు తీసేశాం. మెత్తలకు, కొత్త పరుపుకు జిప్పు ఉన్న మందం కవర్లు వేశాం. చద్దర్లు, మెత్త గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో, 60 డిగ్రీల దాకా ఉంటే మైట్స్ చస్తాయట, ఉతికి మంచి ఎండలో వేస్తున్నాం. మైట్ అంటే కంటికి ఆనని పురుగు, మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది, మన ఒంటి మీద నుంచి రాలే చర్మపు పొట్టు తింటుంది, కుట్టదు, కరవదు, దాని మలంతోనే మనకు బాధ. దానికి తేమ కావాలి. మన దగ్గర ఎండాకాలం గాలి పొడిగా ఉండి మైట్స్ తగ్గాల్సింది, మనమే కూలర్ పెట్టి గదిని తేమగా చేస్తున్నాం. కూలర్‌ను హాల్లోకి మార్చాం, ఉక్కపోతకు ఇంట్లో గొడవ ఇంకా నడుస్తోంది. చీపురుతో ఊడ్చడం బదులు తడిబట్ట. ఇవన్నీ చేస్తే చాలు, మందులు వద్దు అని మాత్రం అనుకోకండి, అసలు పని చేసింది ఫ్లూటికసోన్ అనే ముక్కు స్టెరాయిడ్ స్ప్రే. రోజూ వాడాలి, తుమ్ము వచ్చినప్పుడే కొడితే లాభం లేదు, పూర్తి గుణం కనిపించడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో, మొనను చెవి వైపు తిప్పి కొట్టాలి, మధ్య గోడకు కొడితే రక్తం వస్తుంది. నర్సు నాతో అక్కడే కొట్టించి చూసింది, ఇది చాలా మంచి పద్ధతి.

ఇమ్యునోథెరపీ గురించి కూడా చెప్పారు, పడని వస్తువునే కొద్దికొద్దిగా ఇంజెక్షన్‌గానో నాలుక కింద చుక్కలుగానో ఇచ్చి ఒంటికి అలవాటు చేయడం. 1911లో ఇంగ్లండ్‌లో లియోనార్డ్ నూన్ గడ్డి పుప్పొడితో మొదలుపెట్టిన వైద్యమిది. మూడు నుంచి ఐదేండ్లు వాడాలి, ఇంజెక్షన్ అయితే వేసిన ప్రతిసారీ అరగంట క్లినిక్‌లోనే కూర్చోవాలి. ఖర్చు తక్కువేం కాదు. వెంటనే మొదలుపెట్టమని తొందర పెట్టలేదు, స్ప్రేతో ఎలా ఉంటుందో చూసి నిర్ణయించుకుందామన్నారు. ఇప్పటికైతే స్ప్రేతోనే బాగుంది, లివోసిట్రజిన్ మత్తు లేక లెక్కలు కూడా సాఫీగా సాగుతున్నాయి.

క్లినిక్ మీద మిగిలిన ఫిర్యాదులు: టోకెన్ టైముకు, లోపలికి పిలిచే టైముకు సంబంధం లేదు. రిపోర్టు మొత్తం ఇంగ్లిష్‌లో, చదువుకోనివాళ్లకు ఒక తెలుగు కాగితం ఇస్తే ఏం పోతుంది? టెస్ట్ ఫీజు మూడు వేల లోపే, కానీ బిల్లు అడిగితేనే ఇచ్చారు. డాక్టర్‌కు ఐదుకు ఐదు, రిసెప్షన్‌కు రెండు.

పోయేవాళ్లు వాడే మాత్రల అట్టలు, బీపీవి కూడా, అన్నీ సంచిలో వేసుకుని పోండి. ఫోన్ చేసినప్పుడే ఏ మాత్ర ఎన్ని రోజులు ఆపాలో మీరే అడగండి. పొట్టి చేతుల అంగీ వేసుకోండి, చేతికి క్రీములేవీ రాయకండి. టెస్ట్ పెట్టే చుక్కల్లో బొద్దింక, డస్ట్ మైట్స్ ఉన్నాయో లేదో కనుక్కోండి, మన ఇండ్లకు అవే ముఖ్యం. క్లినిక్ ఆదివారం ఉండదు, సోమవారం విపరీతమైన రద్దీ, వారం మధ్యలో పొద్దున్నే పోతే మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావచ్చు.